హేగె రీసె: ప్లేయర్‌గా అన్నీ గెలిచిన ఆమె, కోచ్‌గా ఎక్కడా ఎందుకు నిలవలేదు?

క్లుప్తంగా

నార్వే మిడ్‌ఫీల్డర్ హేగె రీసె ప్లేయర్‌గా 1993 యూరో (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్), 1995 వరల్డ్ కప్, 2000 ఒలింపిక్ గోల్డ్ మూడూ గెలిచింది. ఈ మూడూ ఉన్నవాళ్ళు నార్వేలో ముగ్గురే ముగ్గురు: రీసె, గ్రో ఎస్పెసెత్, గోల్‌కీపర్ బెంటె నోర్‌బి. కోచ్‌గా సొంత ఊరి పక్క క్లబ్‌తో వరసగా మూడేళ్ళు లీగ్ గెలిచింది. ఇంగ్లండ్, టీమ్ జీబీ (బ్రిటన్ ఒలింపిక్ జట్టు), నార్వే జట్ల దగ్గర మాత్రం ఎక్కడా పట్టుమని రెండేళ్ళు లేదు. ఈ తేడాకి ప్లేయర్లతో దొరికిన రోజులు ఒక పెద్ద కారణం. ఆమె తీసుకున్న కొన్ని నిర్ణయాలు కూడా కారణమే. ఈ వ్యాసం రెండిటినీ చూస్తుంది.

కన్ఫ్యూజన్ ఎక్కడ

2023 సెప్టెంబర్‌లో నార్వే ఫుట్‌బాల్ ఫెడరేషన్, రీసె విడిపోయినప్పుడు చాలామందికి అర్థం కానిది ఒకటే. నార్వే తరఫున 188 మ్యాచ్‌లు ఆడి 58 గోల్స్ కొట్టిన మనిషి, 1995 వరల్డ్ కప్‌లో బెస్ట్ ప్లేయర్‌గా గోల్డెన్ బాల్ తీసుకున్న మనిషి, క్లబ్ కోచ్‌గా కూడా గెలిచి ఫిఫా 2020 బెస్ట్ విమెన్స్ కోచ్ అవార్డుకి నామినేట్ అయిన మనిషి, తన సొంత దేశం జట్టుతో ఏడాదికి కాస్త ఎక్కువ మాత్రమే ఎలా ఉంది అని. దీనికి వెంటనే వచ్చే జవాబు "గొప్ప ప్లేయర్లు గొప్ప కోచ్‌లు కాలేరు" అనేది. వినడానికి బావుంటుంది కానీ అది ఇక్కడ సరిపోదు, ఎందుకంటే క్లబ్ దగ్గర ఆమె గెలిచింది కదా. పనితనమే లేకపోతే అక్కడా గెలవకూడదు.

ఒక చిన్న మాట, లివర్‌పూల్‌కి ఆడిన జాన్ ఆర్నె రీసె వేరు, ఈమె వేరు. ఇంటిపేరు ఒకటే కావడంతో నెట్‌లో ఇద్దరి వివరాలూ కలిసిపోతుంటాయి.

అసలు నార్వే అంత ముందు ఎలా ఉంది

రీసె కెరీర్ అర్థం కావాలంటే ముందు నార్వే ఎందుకు గెలిచేదో చూడాలి. సుమారు 55 లక్షల జనాభా ఉన్న దేశం, అంటే మన హైదరాబాద్ కన్నా చిన్నది, వరల్డ్ కప్ ఎలా కొట్టింది?

జవాబులో సగం మిగతా దేశాల దగ్గరే ఉంది. ఇంగ్లండ్‌లో 1921లో ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల గ్రౌండ్‌లలో ఆడవాళ్ళు ఆడకూడదని ఆపేసింది, ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇలాంటిదే. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా ఏకంగా చట్టమే అడ్డం. అంటే ఇవాళ ఫుట్‌బాల్ అనగానే గుర్తొచ్చే దేశాలన్నీ అమ్మాయిల ఆటని రెండు మూడు తరాల పాటు మూసేశాయి. నార్వే ఫెడరేషన్ కూడా మొదట్లో పెద్ద ఉత్సాహం చూపించలేదు గానీ 1970లలో ఒప్పుకుంది, 1978లో మొదటి అధికారిక మ్యాచ్ స్వీడన్‌తో ఆడించింది, ఆ తర్వాత సీరియస్‌గానే తీసుకుంది.

1986లో మెక్సికోలో జరిగిన ఫిఫా కాంగ్రెస్‌లో ఎలెన్ విల్లె అనే నార్వే ప్రతినిధి లేచి, ఆడవాళ్ళకి వరల్డ్ కప్ కావాలి, ఒలింపిక్స్‌లో చోటు కావాలి అని అడిగింది. అప్పటిదాకా ఆ సభలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అది అడిగిన రెండేళ్ళకి 1988లో చైనాలో 12 జట్లతో ఒక ట్రయల్ టోర్నమెంట్ పెట్టారు, ఫైనల్‌లో స్వీడన్‌ని 1-0తో ఓడించి గెలిచింది నార్వేనే. అంతకు ముందు ఏడాది, 1987లో, ఓస్లోలో యూరో కూడా గెలిచి ఉంది. 1991లో మొదటి అసలు వరల్డ్ కప్ జరిగితే ఫైనల్‌కి వెళ్ళి అమెరికా చేతిలో 2-1తో ఓడింది. ఈ ఫైనల్ నాటికి రీసె వయసు 22.

ఇక్కడ గమనించాల్సిన విషయం, అప్పట్లో క్లబ్బులు దాదాపు అన్నీ అమెచ్యూర్. ప్లేయర్లు ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్ళు, నార్వే ప్లేయర్ లిండా మెదాలెన్ పోలీసు. కాబట్టి ఎవరు నేషనల్ క్యాంపులు ఎక్కువ పెడితే, ఎవరు ఒకే గుంపుని కలిపి ఎక్కువ రోజులు ఉంచితే వాళ్ళే ముందుంటారు. పేరుకి అది దేశం జట్టు గానీ నడిచే తీరు చూస్తే క్లబ్ లాంటిదే. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగిందంతా తేలిగ్గా అర్థమవుతుంది.

1995, స్వీడన్

ఈవెన్ పెల్లెరుడ్ కోచ్. ఆయన పద్ధతి నేరుగా ఆడటం, బంతిని పెద్దగా చుట్టూ తిప్పకుండా పొడుగు పాస్‌తో ముందుకి పంపి, పొడుగ్గా బలంగా ఉన్న ఫార్వర్డ్‌ల మీద ఆధారపడటం. అలాంటి జట్టులో మధ్యలో నిలబడి ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు ఆపాలి, ఎవరి కాలికి ఎంత బరువుతో పాస్ ఇవ్వాలి అని చూసుకునే మనిషి రీసె. పెద్ద హడావిడి లేని ప్లేయర్. ఆమె లేకపోతే ఆ పద్ధతి ఉత్త బంతిని దూరంగా తన్నడంగా మిగిలిపోయేది.

ఆ టోర్నమెంట్‌లో నార్వే స్కోర్లు చూస్తే ఇవాళ్టికీ ఆశ్చర్యమే. నైజీరియా మీద 8-0, ఇంగ్లండ్ మీద 2-0, కెనడా మీద 7-0, క్వార్టర్స్‌లో డెన్మార్క్ మీద 3-1, సెమీస్‌లో అమెరికా మీద 1-0. ఆ మ్యాచ్‌లో గోల్ ఆన్ క్రిస్టిన్ ఆరోనెస్ హెడర్, మ్యాచ్ అయ్యాక నార్వే అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు మోకాళ్ళ మీద పాకుతూ గ్రౌండ్‌లో రైలు కట్టారు, ఆ దృశ్యం ఓడిన అమెరికన్లు చాలా ఏళ్ళు మర్చిపోలేదు. జూన్ 18న ఫైనల్ జర్మనీతో. 37వ నిమిషంలో రీసె బంతిని తీసుకుని డిఫెండర్లని దాటుకుంటూ వెళ్ళి కొట్టింది, మూడు నిమిషాలకి మరియానె పెటర్‌సెన్ రెండోది కొట్టింది, 2-0. మొత్తం 6 మ్యాచ్‌లలో 23 గోల్స్ కొట్టి ఒక్కటి ఇచ్చారు. రీసెవి అందులో 5.

ఆ ఫైనల్‌లో ఓడిన జర్మనీ జట్టులో సిల్వియా నీడ్ ఉంది. ఆమె సంగతి తర్వాత వస్తుంది, ఈ కథలో అసలు పోలిక అక్కడే.

డబ్బు ఎక్కడుంటే అక్కడికి

వరల్డ్ కప్ గెలిచిన బెస్ట్ ప్లేయర్‌కి సొంత దేశంలో ఫుట్‌బాల్ మీద బతికే దారి లేదు. అందుకే రీసె 1995లో జపాన్ వెళ్ళి నిక్కో సెక్యూరిటీస్ కంపెనీ జట్టుకి ఆడింది. అప్పట్లో జపాన్ లీగ్‌లో కంపెనీలే టీమ్‌లు నడిపేవి, విదేశీ ప్లేయర్లకి జీతాలిచ్చేవి, తర్వాత అక్కడి ఆర్థిక పరిస్థితి దిగజారగానే ఆ కంపెనీలు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. 2001లో అమెరికాలో ప్రొఫెషనల్ లీగ్ మొదలైతే కరోలినా కరేజ్‌కి వెళ్ళింది, 2002లో ఆ జట్టు టైటిల్ గెలిచింది, 2003లో లీగే మూతపడింది. రెండు చోట్లా తంతు ఒకటే, ముందు డబ్బు వచ్చింది, ఆట బావుంది, డబ్బు పోగానే అంతా ఆగిపోయింది.

ఈ మధ్యలో 2000 సిడ్నీ. నార్వే మొదటి గ్రూప్ మ్యాచ్‌లో అమెరికా చేతిలో 2-0తో ఓడి, మళ్ళీ అదే అమెరికాతో ఫైనల్‌కి వచ్చింది. 90 నిమిషాలు దాటాక అమెరికా గోల్‌తో 2-2, ఎక్స్‌ట్రా టైమ్ 102వ నిమిషంలో డాగ్నీ మెల్గ్రెన్ గోల్డెన్ గోల్‌తో (ఎక్స్‌ట్రా టైమ్‌లో ముందు గోల్ కొట్టినవాళ్ళే గెలిచే అప్పటి రూల్) 3-2. నార్వే సీనియర్ అమ్మాయిలు గెలిచిన ఆఖరి పెద్ద టైటిల్ అదే. రీసె 2004లో నేషనల్ టీమ్ నుంచి తప్పుకుంది.

దాని తర్వాత నార్వే గ్రాఫ్ ఎందుకు పడింది అంటే, నార్వే ఆట చెడిపోయిందని కాదు, పక్కవాళ్ళు రోజూ ప్రాక్టీస్ చేయడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో 2011లో సూపర్ లీగ్ పెట్టి 2018 నాటికి పూర్తి ప్రొఫెషనల్ చేశారు, స్పెయిన్, ఫ్రాన్స్ పెద్ద క్లబ్బులు మగవాళ్ళ ట్రెయినింగ్ గ్రౌండ్‌లు, డాక్టర్లు, ఫిజియోలు అన్నీ ఆడవాళ్ళ జట్లకీ తెరిచాయి. ఒకప్పుడు నార్వే క్యాంప్‌లో మాత్రమే దొరికేది ఇప్పుడు క్లబ్‌లో ప్రతి సోమవారం దొరుకుతోంది. 2013 యూరో ఫైనల్ దాకా వెళ్ళిన జట్టు 2017 యూరోలో మూడు మ్యాచ్‌లూ ఓడి ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఇంటికి వచ్చింది.

క్లబ్ కోచ్‌గా

రీసె కోచింగ్ నేర్చుకున్న పెద్ద బడి అమెరికా బెంచ్. 2009 నుంచి 2012 దాకా అమెరికా జట్టు హెడ్ కోచ్ పియా సుంధాగె దగ్గర అసిస్టెంట్. 2011 వరల్డ్ కప్ ఫైనల్‌లో జపాన్ చేతిలో పెనాల్టీల మీద ఓటమి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే జపాన్ మీద 2-1తో గోల్డ్. సుంధాగె స్వయంగా స్వీడన్ స్టార్ ప్లేయర్, కానీ అమెరికాలో ఆమె పేరు తెచ్చుకుంది ప్లేయర్లతో మాట్లాడే పద్ధతి వల్ల.

తర్వాత అసలు పని ఎల్‌ఎస్‌కే క్వినర్‌లో. ఇది ఓస్లో పక్కన లిల్లెస్త్రోమ్ ప్రాంతం క్లబ్, దాని పాత రూపం సెట్‌స్కోగ్-హోలెన్, తర్వాత టీమ్ స్ట్రోమ్మెన్. రీసె ప్లేయర్‌గా ఆడింది కూడా ఈ క్లబ్ పాత పేర్లతోనే, ఆమె పుట్టిన లోరెన్‌స్కోగ్ కూడా ఆ పక్కనే. ఆమె కోచ్‌గా ఉండగా 2017, 2018, 2019 లీగ్ టైటిల్స్, 2018, 2019లో కప్ కూడా, ఛాంపియన్స్ లీగ్‌లో ఒకసారి క్వార్టర్ ఫైనల్, అక్కడ బార్సిలోనా చేతిలో ఓటమి.

నిజాయితీగా చెప్పుకోవాల్సింది ఒకటుంది, ఆమె వచ్చేసరికే ఆ క్లబ్ 2014 నుంచి వరసగా గెలుస్తోంది, సున్నా నుంచి కట్టింది కాదు. కానీ నిలబెట్టడం కూడా తేలిక కాదు, ఎందుకంటే నార్వే క్లబ్‌లో మంచి ప్లేయర్ తయారవగానే ఇంగ్లండో జర్మనీయో ఎగరేసుకుపోతుంది. ఇంగ్రిడ్ సిర్‌స్తాద్ ఎంగెన్ ఇక్కడ ఆడి వోల్ఫ్స్‌బుర్గ్ వెళ్ళిపోయింది, గూరో రైటెన్ 2019లో చెల్సీకి వెళ్ళింది. ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు మంచివాళ్ళు పోతుంటే మిగిలినవాళ్ళతో మళ్ళీ అదే ఆట ఆడించాలి, అది రోజూ గ్రౌండ్‌లో నిలబడి చేసే పని. ఒక అమ్మాయికి ఎడమ కాలితో పాస్ సరిగ్గా రాకపోతే మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పించొచ్చు. రీసె లాంటి మిడ్‌ఫీల్డర్ బుర్రలో ఉన్న జ్ఞానం ఇలా నెమ్మదిగా దిగేదే, మీటింగ్ రూమ్‌లో వీడియో చూపిస్తే దిగేది కాదు.

ఇంగ్లండ్: మూడు మ్యాచ్‌లు, ఒక ఒలింపిక్స్

2021 జనవరిలో ఆమెని హెడ్ కోచ్ ఫిల్ నెవిల్‌కి అసిస్టెంట్‌గా ఇంగ్లండ్ తీసుకుంది. కొద్ది రోజులకే నెవిల్ అమెరికా క్లబ్ ఇంటర్ మయామీకి వెళ్ళిపోయాడు, రీసె తాత్కాలిక హెడ్ కోచ్ అయింది. అప్పటికే నెదర్లాండ్స్ కోచ్ సరీనా వీగ్‌మన్ ఆ ఏడాది సెప్టెంబర్‌లో హెడ్ కోచ్‌గా వస్తుందని ఖాయం అయిపోయింది. అంటే ప్లేయర్లందరికీ తెలుసు, ఈ కోచ్ ఇంకో ఎనిమిది నెలలే అని. ఏ ఆఫీసులో అయినా ఇన్‌చార్జ్ ఆఫీసర్‌కి ఎంత పట్టు ఉంటుందో ఇక్కడా అంతే, పెద్ద మార్పు ఏది మొదలుపెట్టినా తర్వాత వచ్చేవాళ్ళు తీసేయొచ్చు.

నార్తర్న్ ఐర్లాండ్ మీద 6-0, ఫ్రాన్స్ చేతిలో 3-1 ఓటమి, కెనడా చేతిలో 2-0 ఓటమి. ఇంగ్లండ్‌తో ఆమె లెక్క ఇంతే.

తర్వాత టోక్యో ఒలింపిక్స్‌కి టీమ్ జీబీ. ఇది మామూలు జట్టు కాదు, ఒలింపిక్స్ కోసం మాత్రమే నాలుగు దేశాల నుంచి కలిపి కట్టేది. 22 మందిలో 19 మంది ఇంగ్లండ్ వాళ్ళే, స్కాట్లాండ్ నుంచి ఇద్దరు, వేల్స్ నుంచి ఒకరు. చిలీ మీద 2-0, జపాన్ మీద 1-0, కెనడాతో 1-1, గ్రూప్‌లో టాప్. ఆ కెనడానే చివరికి గోల్డ్ గెలిచింది.

క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాతో 2-1 లీడ్‌లో ఉండగా 89వ నిమిషంలో శామ్ కెర్ సమం చేసింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో జీబీకి పెనాల్టీ దొరికింది, కెరొలిన్ వియర్ కొట్టిన దాన్ని గోల్‌కీపర్ ఆపేసింది, ఆ వెంటనే అటువైపు వెళ్ళి మేరీ ఫౌలర్ గోల్ కొట్టింది, ఇంకో మూడు నిమిషాలకి మళ్ళీ కెర్. ఎలెన్ వైట్ హ్యాట్రిక్ కొట్టినా 4-3తో ఓటమి. క్రికెట్‌లో మ్యాచ్ నడుస్తుండగా నిర్ణయాలు చాలావరకు కెప్టెన్‌వి, ఫుట్‌బాల్‌లో అవి కోచ్‌వి, కాబట్టి లీడ్‌లో ఉన్నప్పుడు ఎవర్ని దింపారు, ఎంత వెనక్కి తగ్గారు అనే ప్రశ్నలు కోచ్ మీదకే వస్తాయి, వచ్చాయి కూడా. అయితే ఒక నిమిషం ఆగి చూస్తే 89వ నిమిషం గోల్ లేకపోయినా, ఆ పెనాల్టీ లోపలికి వెళ్ళినా, ఇవాళ రీసె కోచింగ్ గురించి రాసేవాళ్ళు వేరేలా రాసేవాళ్ళు. ఒక మ్యాచ్ మీద మనిషి పనితనాన్ని తేల్చడంలో ఉన్న ఇబ్బంది ఇదే.

నార్వే: 8-0 తర్వాత వచ్చిన ఉద్యోగం

2022 జూలై 11న బ్రైటన్‌లో యూరో గ్రూప్ మ్యాచ్‌లో వీగ్‌మన్ ఇంగ్లండ్ నార్వేని 8-0తో ఓడించింది. నార్వే గ్రూప్ దశలోనే బయటికి వచ్చింది, కోచ్ మార్టిన్ శ్యోగ్రెన్ తప్పుకున్నాడు. అప్పుడు రీసె నార్వే అండర్-19 అమ్మాయిల్ని చూసుకుంటోంది, ఆ జట్టు అదే వేసవిలో అండర్-19 యూరో ఫైనల్ దాకా వెళ్ళి స్పెయిన్ చేతిలో 2-1తో ఓడింది. ఆగస్టులో సీనియర్ జట్టు బాధ్యత ఆమెకి ఇచ్చారు. వరల్డ్ కప్‌కి మిగిలింది 11 నెలలు.

11 నెలలు అంటే వినడానికి ఏడాది, లెక్క వేస్తే చాలా తక్కువ. దేశం జట్టుకి ప్లేయర్లు దొరికేది ఫిఫా విండోల్లోనే (క్లబ్బులు ప్లేయర్లని దేశం జట్టుకి వదలాల్సిన రోజులు), ఏడాదికి కొన్నిసార్లు, ఒక్కోసారి పది రోజుల లోపు, అందులో ప్రయాణాలు, రెండు మ్యాచ్‌లు, మ్యాచ్ తర్వాత రెస్ట్ తీసేస్తే నిజంగా ప్రాక్టీస్ చేసేది మూడు నాలుగు సెషన్లు. కరొలీనె గ్రాహమ్ హాన్‌సెన్, ఎంగెన్ బార్సిలోనాలో, ఆదా హేగర్‌బర్గ్ లియోన్‌లో, రైటెన్, మారెన్ మ్యెల్దె చెల్సీలో, ఫ్రీదా మానుమ్ ఆర్సెనల్‌లో. ఒక్కో క్లబ్‌ది ఒక్కో పద్ధతి, బార్సిలోనాలో నేర్చుకున్న ప్రెస్సింగ్ (బంతి ఉన్న ప్రత్యర్థి మీదకి వెళ్ళి ఒత్తిడి పెట్టడం) వేరు, లియోన్‌లో వేరు. వీళ్ళందర్నీ ఒకే ఆటలోకి తేవాలంటే సెషన్లు కావాలి, అవే లేవు. 1990లలో ఈ ఇబ్బంది లేదు, అందరూ దాదాపు నార్వేలోనే ఉండేవాళ్ళు, ఫెడరేషన్ పిలిస్తే వచ్చేవాళ్ళు. రీసెకి ప్లేయర్‌గా కలిసొచ్చిన ఏర్పాటు ఆమె కోచ్ అయ్యేసరికి లేకుండా పోయింది.

అయినా మొదట్లో పరిస్థితి చెడ్డగా లేదు. 8-0 జరిగిన నాలుగు నెలలకి, 2022 నవంబర్‌లో, అదే ఇంగ్లండ్‌తో ఫ్రెండ్లీలో 1-1 డ్రా చేశారు.

అసలు దెబ్బ 2023 జూలై 20న ఆక్లండ్‌లో. వరల్డ్ కప్ మొదటి మ్యాచ్, ఈడెన్ పార్క్ నిండా జనం, హాన్నా విల్కిన్‌సన్ గోల్‌తో న్యూజీలాండ్ 1-0. వరల్డ్ కప్ చరిత్రలో న్యూజీలాండ్ అమ్మాయిలకి అదే మొట్టమొదటి గెలుపు. రెండో మ్యాచ్ స్విట్జర్లాండ్‌తో, రీసె జట్టుని మార్చింది, గ్రాహమ్ హాన్‌సెన్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టింది. జాతీయ గీతాలు అయ్యాక, కిక్-ఆఫ్‌కి క్షణాల ముందు, హేగర్‌బర్గ్ గాయంతో తప్పుకుంది. అంటే నార్వేలో పెద్ద పేర్లు రెండూ మొదటి పదకొండులో లేవు, మ్యాచ్ 0-0. అది అయిపోయాక గ్రాహమ్ హాన్‌సెన్, ఏడాదిగా తనని తొక్కేస్తున్నట్టు అనిపిస్తోందని మీడియా ముందే చెప్పేసింది, తర్వాత రోజు క్షమాపణ అడిగింది. ఆ బాధ నిజమైనదే అయ్యుండొచ్చు, కానీ టోర్నమెంట్ మధ్యలో అది బయటికి రావడంతో ఇక అందరూ ఆట వదిలేసి దాని గురించే మాట్లాడారు.

మూడో మ్యాచ్‌లో ఫిలిప్పీన్స్ మీద 6-0. హేగర్‌బర్గ్ స్థానంలో వచ్చిన సోఫీ రోమన్ హౌగ్ హ్యాట్రిక్, ఈ అమ్మాయి కూడా ఎల్‌ఎస్‌కేలో ఆడి వచ్చినదే. మళ్ళీ జట్టులోకి వచ్చిన గ్రాహమ్ హాన్‌సెన్ కూడా ఒక గోల్ కొట్టింది. నాకౌట్‌లో ఆగస్టు 5న వెల్లింగ్టన్‌లో జపాన్: మొదటి గోల్ ఎంగెన్ కాలికి తగిలి సొంత వలలోకే వెళ్ళింది, ఐదు నిమిషాలకి రైటెన్ హెడర్‌తో సమం, తర్వాత జపాన్ రెండు కొట్టి 3-1. ఒకప్పుడు ఎల్‌ఎస్‌కేలో కలిసి ఆడిన ఇద్దరి పేర్లూ అలా ఒకే స్కోర్‌కార్డులో పడ్డాయి. నెల తిరక్కుండానే రీసె, ఫెడరేషన్ విడిపోయారు, లైఫ్ గున్నర్ స్మెరుద్ తాత్కాలికంగా వచ్చాడు.

టైమ్ ఒక్కటే కారణమా

కాదు. ఇది ఒప్పుకోకపోతే విశ్లేషణ ఏకపక్షం అయిపోతుంది. జపాన్ కోచ్‌కైనా, వీగ్‌మన్‌కైనా దొరికేది అవే విండోలు, దాదాపు అన్నే రోజులు. మరి వాళ్ళు ఎలా చేశారు?

వీగ్‌మన్ 2022 యూరోలో ఆరు మ్యాచ్‌లకీ ఒకే పదకొండు మందితో మొదలుపెట్టింది. మొండితనంలా కనిపిస్తుంది గానీ దాని వెనక లెక్క ఉంది. పదకొండు మంది మారకపోతే వాళ్ళ మధ్య అలవాటు మ్యాచ్ మ్యాచ్‌కీ పెరుగుతుంది, ప్రాక్టీస్‌లో దొరకని టైమ్‌ని మ్యాచ్‌లలోనే సంపాదించుకున్నట్టు, పైగా బెంచ్ మీద ఉన్నవాళ్ళకి తమ పాత్ర ఏంటో ముందే తెలుస్తుంది, అనుమానాలుండవు. రీసె దీనికి ఎదురు దారిలో వెళ్ళింది, మొదటి ఓటమి తర్వాతే మార్చింది, అదీ జట్టులో అందరికన్నా ఎక్కువ క్రియేటివిటీ ఉన్న ప్లేయర్‌ని. ఆ నిర్ణయానికి ఆట పరంగా కారణం ఉండొచ్చు. కానీ రోజులు తక్కువ ఉన్న జట్టులో ప్రతి మార్పు ఖరీదు ఎక్కువ, ఆ మార్పుని ప్లేయర్‌కి ఎలా చెప్పారన్నది ఇంకా ముఖ్యం. క్లబ్‌లో ఒక ప్లేయర్‌ని కూర్చోబెడితే మూడు రోజుల్లో ఇంకో మ్యాచ్ ఉంటుంది, మర్నాడు ప్రాక్టీస్‌లో పక్కకి పిలిచి మాట్లాడొచ్చు, గాయం మానుతుంది. వరల్డ్ కప్‌లో గ్రూప్‌లో ఉన్నవే మూడు మ్యాచ్‌లు.

నీడ్‌కి దొరికింది, రీసెకి దొరకనిది

ఇప్పుడు సిల్వియా నీడ్ సంగతి. 1995 ఫైనల్‌లో రీసె గెలిచింది, నీడ్ ఓడింది. ఆట మానేశాక 1996లో నీడ్‌ని జర్మన్ ఫెడరేషన్ తీసుకుని సీనియర్ కోచ్ టీనా టోయ్నె కింద అసిస్టెంట్‌గా పెట్టింది, దాంతో పాటు జూనియర్ జట్టు కూడా అప్పజెప్పింది. అలా ఒకటీ రెండూ కాదు తొమ్మిదేళ్ళు. 2005లో హెడ్ కోచ్ అయ్యేసరికి సీనియర్ జట్టులో చాలామంది ఆమె చేతుల్లో జూనియర్లుగా పెరిగినవాళ్ళే, కొత్తగా నమ్మకం సంపాదించుకోవాల్సిన పని లేదు. 2007 వరల్డ్ కప్, 2009 యూరో గెలిచింది.

అసలు పరీక్ష 2011లో వచ్చింది. వరల్డ్ కప్ సొంత దేశంలో, అందరూ గెలుపు ఖాయం అనుకున్నారు, క్వార్టర్స్‌లో జపాన్ చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో 1-0 ఓటమి, పైగా దాంతో 2012 ఒలింపిక్స్ బెర్త్ కూడా పోయింది. ఇది 2023లో రీసెకి జరిగినదాని కన్నా పెద్ద దెబ్బ, ఎందుకంటే అంచనాలు ఎక్కువ, ఆడుతోంది ఇంట్లో. జర్మన్ ఫెడరేషన్ ఆమెని తీసేయలేదు. 2013లో యూరో గెలిచింది, ఫైనల్‌లో ఓడింది నార్వేనే, 1-0, ఆ మ్యాచ్‌లో నాడినె ఆంగెరెర్ నార్వే పెనాల్టీలు రెండు ఆపింది. 2016 రియోలో ఒలింపిక్ గోల్డ్ గెలిచి అప్పుడు తప్పుకుంది.

రీసెది చూస్తే అమెరికా బెంచ్, క్లబ్, ఇంగ్లండ్, టీమ్ జీబీ, అండర్-19, నార్వే సీనియర్. చివరి నాలుగు ఉద్యోగాలూ కలిపి రెండేళ్ళ ఎనిమిది నెలలు. దాదాపు ప్రతిచోటా వేరే ప్లేయర్లు. ఆమె అండర్-19లో చూసిన తరం సీనియర్ జట్టులోకి వచ్చేదాకా ఆగే అవకాశమే రాలేదు, 8-0 తర్వాత ఫెడరేషన్‌కి వెంటనే పెద్ద పేరు కావాలి, దేశంలో ఆమె కన్నా పెద్ద పేరు లేదు, అందుకని ముందే పైకి లాగేశారు. నీడ్ దారిలో వెళ్ళాల్సిన మనిషిని మధ్యలో ఎత్తి మంటలు ఆర్పే పనిలో పెట్టినట్టయింది, అది ఆర్పలేదని పదమూడు నెలలకే పంపించేశారు. నార్వే చేసిన పెద్ద తప్పు ఆమెని తీసేయడం కన్నా ముందు, ఆమెకి సీనియర్ జట్టు ఇచ్చిన టైమింగ్‌లోనే ఉంది.

2023 వరల్డ్ కప్‌లో 32 జట్లలో 12 జట్లకే మహిళా కోచ్‌లు ఉన్నారు. అంత తక్కువమందిలో ఒకరు ఇలా వెళ్ళిపోతే, తర్వాత కోచింగ్ లైసెన్సులు చేయాలా వద్దా అని ఆలోచించే మాజీ ప్లేయర్లకి అది కూడా ఒక లెక్కే.

తర్వాత నార్వే

2024 జనవరిలో జెమ్మా గ్రెయింజర్ వచ్చింది, అంతకు ముందు వేల్స్ కోచ్. ఆమెకి 2025 యూరో దాకా ఏడాదిన్నర దొరికింది. స్విట్జర్లాండ్‌లో జరిగిన ఆ యూరోలో గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లూ గెలిచింది నార్వే, స్విట్జర్లాండ్ మీద 2-1, ఫిన్లాండ్ మీద 2-1, ఐస్‌లాండ్ మీద 4-3. స్కోర్లు చూస్తేనే తెలుస్తుంది, ఏదీ సాఫీగా గెలిచింది కాదు. హేగర్‌బర్గ్, గ్రాహమ్ హాన్‌సెన్, రైటెన్, ఎంగెన్, పేర్లు చాలావరకు అవే. జూలై 16న జెనీవాలో ఇటలీతో క్వార్టర్ ఫైనల్, ఇటలీ ముందు గోల్ కొట్టింది, హేగర్‌బర్గ్ ఒక పెనాల్టీ బయటికి కొట్టి, కాసేపటికి తనే గోల్‌తో సమం చేసింది. 90వ నిమిషంలో క్రిస్టియానా జిరెల్లి హెడర్‌తో ఇటలీ 2-1.